మాన్సాస్ ట్రస్టు, సింహాచలం దేవస్థానం ఒకటేనా? ట్రస్టు భూమి కొనొచ్చా?

ఒకటి కాదు. మాన్సాస్ విజయనగరంలో కాలేజీలు నడిపే ట్రస్టు, సింహాచలం దేవస్థానం గుడి. సింహాచలానికి విజయనగరం రాజులైన పూసపాటి వంశం వారు అనువంశిక ధర్మకర్తలు, మాన్సాస్ చైర్మన్ కూడా ఆ ఇంటి నుంచే వస్తారు. అందుకే జనం రెండింటినీ కలిపేస్తుంటారు. 2020 మార్చిలో ప్రభుత్వం చైర్మన్‌ను మార్చినప్పుడు కూడా దేనికి దానికి విడిగా జీవో ఇచ్చింది. 2021 జూన్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది.

మాన్సాస్ అంటే మహారాజా అలక్ నారాయణ్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్స్. పూసపాటి విజయరామ గజపతిరాజు, మనందరికీ పి.వి.జి.రాజు గారు, 1958లో తండ్రి పేరిట పెట్టారు. 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయిన విజయనగరం ఎం.ఆర్. (మహారాజా) కాలేజీ అప్పటిదాకా సంస్థానం సొమ్ముతో నడిచింది. గురజాడ చదివిందీ, పాఠాలు చెప్పిందీ అక్కడే. జమీందారీలు రద్దయ్యాక ఆ సొమ్ముకు ఆధారం లేకుండా పోయింది. సోషలిస్టు అయిన రాజు గారు కోటనూ వేల ఎకరాలనూ ట్రస్టుకు రాసిచ్చారు. తాము ఉండే కోటనే కాలేజీలకు ఇచ్చేసిన రాజులు ఎందరున్నారు చెప్పండి! చింతలవలస ఇంజనీరింగ్ కాలేజీ ఆయన పోయాక, 1997లో వచ్చింది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాల మాత్రం ఇప్పుడు ప్రభుత్వానిది.

ఇక భూమి. గుళ్లకే కాక ధర్మ సంస్థలకూ వర్తించే 1987 నాటి దేవాదాయ చట్టం సెక్షన్ 80 ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ట్రస్టు భూమి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. మామూలుగా బహిరంగ వేలం కూడా వేయాలి. కొనేముందు సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో చూడండి. జాబితాలో లేదని ధీమా పడొద్దు. సబ్‌డివిజన్ అయినప్పుడు కొత్త నంబర్లు తప్పిపోతుంటాయి, కాబట్టి పాత నంబరుతోనూ వెతకండి. ఆన్‌లైన్ ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) 1983 నుంచే వస్తుంది, ట్రస్టుకు రాసిచ్చిన 1958 నాటి దస్తావేజు అందులో కనబడదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. దేవాదాయ శాఖ దగ్గరుండే సెక్షన్ 43 రిజిస్టరు (సంస్థ, దాని ఆస్తుల వివరాలు నమోదు చేసేది) నకలు కూడా తీసుకోండి.

ఎక్కువమంది మోసపోయేది కౌలుదారు నోటరీ కాగితం మీద అమ్మినప్పుడు. అతనికి ఉన్నది సాగు చేసుకునే హక్కు ఒక్కటే. శిస్తు రసీదులు ఎన్నేళ్లవి చూపించినా దాంతో యాజమాన్యం రాదు, బ్యాంకు అప్పు కూడా ఇవ్వదు.