విగ్రహాలు, స్తూపాలు, పార్కుల వల్ల ఒక ప్రాంతం చరిత్ర నిజంగా నిలబడుతుందా?

"విగ్రహాలకి, పార్కులకి పోసే డబ్బు బడికో ఆసుపత్రికో పెడితే నయం కదా, వీటివల్ల చరిత్ర ఎవరికి గుర్తుంటుంది?" అని అడిగారు. మీ టౌన్‌లో కూడా విగ్రహానికి చందాలు వసూలు చేస్తున్నారని రాశారు. గుర్తుంటుంది అనే నేనంటాను. కాకపోతే రాయి పాతినంత మాత్రాన కాదు. దాని మీద ఎవరి పేరు ఎక్కింది, ఆ తర్వాత అక్కడికి ఎవరొస్తున్నారు అన్నదే అసలు సంగతి. నేను హైదరాబాద్‌లో చదువుకుని ఇక్కడే స్థిరపడ్డాను, అందుకని కళ్లారా చూసినవే చెబుతాను.

అసెంబ్లీ ఎదురుగా గన్ పార్క్ ఉంది. చాలా చిన్న పార్కు. అందులోనే అమరవీరుల స్తూపం. 1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవాళ్ల కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు చెక్కారు. 1970లో పునాది పడితే పూర్తయ్యేసరికి 1975 అయింది. దూరం నుంచి చూస్తే మామూలు స్తంభమే. దగ్గరికెళ్లండి. కింద నల్లరాతి పీఠం మీద ఒక్కో వైపు తొమ్మిదేసి చిన్న గుంటలు కనిపిస్తాయి, అవి తుపాకీ గుండ్ల గుర్తులు. పైన పువ్వుకీ తొమ్మిది రేకులే. ఎందుకంటే అప్పటి తెలంగాణలో ఉన్నవి తొమ్మిది జిల్లాలు. రంగారెడ్డి జిల్లా 1978లో గానీ రాలేదు. ఇప్పుడు జిల్లాలు 33. మ్యాపులు ఎన్నిసార్లు మారినా ఆ రాయి మాత్రం 1969 తెలంగాణనే చూపిస్తూ ఉంది.

నేను చదివిన స్కూలు పాఠాల్లో 1969 గురించి ఒక్క ముక్క కూడా గుర్తు లేదు. నాకది తెలిసింది ఈ స్తూపం దగ్గరే. 2009 చివర్లో ఉద్యమం మళ్లీ రాజుకున్నప్పుడు ర్యాలీ ఏదైనా ముందు ఇక్కడికొచ్చి దండం పెట్టుకుని కదిలేవాళ్లం. మా నాన్న వయసువాళ్లు కూడా వచ్చేవారు. ఎవరూ అడగకపోయినా "అరవై తొమ్మిదిలో మేం కాలేజీలో ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టేవారు. ఎవరికి తూటా తగిలింది, ఎవరు చదువు మానేశారు, ఎవరు జైలు నుంచి వచ్చి మళ్లీ పరీక్ష రాశారు, అన్నీ అక్కడ నిలబడే చెప్పేవారు. పుస్తకంలో లేనిది ఒక తరం నుంచి ఇంకో తరానికి అలా చేరింది. 2014లో రాష్ట్రం వచ్చాక జూన్ 2న ముఖ్యమంత్రి వచ్చి పూలు పెట్టేది కూడా ఇక్కడే. 2023లో సచివాలయం దగ్గర చాలా పెద్ద కొత్త స్మారకం కట్టారు, బాగుంది కూడా. అయినా గన్ పార్క్ విలువ తగ్గలేదు, ఎందుకంటే జనం దాన్ని కష్టకాలంలో పట్టుకున్నారు.

ఇక ట్యాంక్‌బండ్. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరసగా పెట్టించారు. నన్నయ, తిక్కన, పోతన, మొల్ల, వేమన, రుద్రమదేవి, శ్రీశ్రీ, జాషువా, మఖ్దూం. పిల్లలకి చూపించడానికి అంతకన్నా మంచి చోటు లేదని నేనిప్పటికీ అనుకుంటాను. కానీ వరస అన్నాక అందులో లేనివాళ్లు కూడా కనిపిస్తారు. కొమరం భీం ఏడి, చాకలి ఐలమ్మ ఏది అని తెలంగాణ వాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. 2011 మార్చి 10న, ప్రత్యేక తెలంగాణ కోసం ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగిన రోజు, ఆ కోపంలో చాలా విగ్రహాలు కూలిపోయాయి. అన్నమయ్యని, శ్రీశ్రీని పడగొట్టడం నాకు అప్పుడూ బాధే, ఇప్పుడూ బాధే. కానీ ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఆ వరసలోనే సురవరం ప్రతాపరెడ్డి విగ్రహం కూడా ఉంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అంటే మా పేర్లు ఎందుకు లేవు అన్న గొడవ ట్యాంక్‌బండ్ కన్నా యాభై ఏళ్లు పాతది. తర్వాత కూలిన విగ్రహాల్ని మళ్లీ నిలబెట్టారు, కొమరం భీం విగ్రహం కూడా వచ్చింది. అదే సరైన దారి. ఒకరిని తీసేసి ఇంకొకరిని పెట్టడం కాదు, చోటు పెంచడం.

పెద్ద ఊళ్ల సంగతి అలా ఉంచండి. మా అమ్మమ్మ వాళ్లది జనగామ వైపు. అటు కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తూటాకి బలయ్యారు, నిజాం కాలంలో తెలంగాణ రైతులు చేసిన సాయుధ పోరాటానికి అదే నిప్పు రాజేసింది. ఆ చుట్టుపక్కల చాలా ఊళ్లలో ఆ పోరాటంలో చనిపోయినవాళ్ల పేర్లతో ఎర్ర స్తూపాలుంటాయి. మా అమ్మమ్మకి చదువు రాదు. అయినా స్తూపం మీద మూడో వరస ఎవరిది, అయిదో వరస ఎవరిది అని వేలు పెట్టి చూపించేది. ఆ పేర్లవాళ్ల మనవలు ఇప్పటికీ ఊళ్లోనే ఉన్నారు, పెళ్లి కార్డు వస్తే ఆ పేరు చెప్పే గుర్తుపడతాం.

కాబట్టి మీ దగ్గర చందా అడిగితే ఇవ్వండి, కానీ ముందు కమిటీవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడండి. శిలాఫలకం మీద ఎమ్మెల్యే, సర్పంచ్, దాతల పేర్లే నిండిపోతాయి, అసలు మనిషి గురించి రెండు ముక్కలు కూడా ఉండవు. ఆ మనిషి ఏ ఊరు, ఏం చేశాడు, ఎప్పుడు, పక్కన ఎవరు నిలబడ్డారు, అందులో ఆడవాళ్లెవరు, ఇవన్నీ చెక్కించమనండి. పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి. చుట్టూ గ్రిల్ వేసి తాళం పెట్టొద్దని కూడా చెప్పండి. నాలుగు బెంచీలు, ఒక వేపచెట్టు ఉంటే జనం వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చుంటారు.