తప్పు బొమ్మదా, హాలుదా?

ఈమధ్య చూసిన సినిమాల గురించి పాఠకులు రాసిన మాటలు, వాటికి మా జవాబులు

ప్రశ్న: మా ఊరి హాల్లో ఒక కొత్త సినిమా చూశాం. ఫైట్లకు చెవులు చిల్లులు పడ్డాయి, మాటలు మాత్రం సగం అర్థం కాలేదు. హీరో గొణిగాడని మావారు, డబ్బింగ్ బాగాలేదని నేను. ఎవరిది నిజమండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: హీరోనూ, డబ్బింగునూ కాసేపు వదిలేసి ముందు హాలునే అనుమానించండి. స్టూడియోలో మిక్సింగ్ చేసేటప్పుడు వాల్యూమ్ ఫేడర్ 7 మీద ఉంటుంది. హాల్లోనూ 7 మీదే ఆడిస్తారన్న లెక్కతోనే మాటల స్థాయి పెడతారు. కానీ ప్రకటనలు, ట్రైలర్లు మోత మోగిస్తాయి. ఎవరో బయటికొచ్చి గొడవ చేస్తారు. ఆపరేటర్ 5కో 4.5కో దించి, అసలు బొమ్మ మొదలయ్యాక కూడా అక్కడే వదిలేస్తాడు. ఆ ఫేడర్ మీద 4కు పైన ఒక్కో అంకె అంటే సుమారు 3.3 డెసిబెల్స్. 7 నుంచి 5కు వస్తే 6.7 దాకా తగ్గినట్టు. ఫైట్లకు ఇది తెలియదు, మెల్లగా అన్న మాట మాత్రం ఏసీ హోరులో కలిసిపోతుంది.

ఫేడర్ సరిగ్గానే ఉంటే సెంటర్ స్పీకర్ సంగతి చూడాలి. మాటలు దాదాపు అన్నీ తెర వెనక మధ్యలో ఉండే ఆ స్పీకర్లోంచే వస్తాయి. అందులో సన్నని శబ్దాలు పలికించే హార్న్ అనే భాగం పాడైతే స, ష, చలు మొద్దుబారి, దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు ఉంటుంది. పాటలు ఎడమ, కుడి స్పీకర్లలోంచి కూడా వస్తాయి కనక బాగానే అనిపిస్తాయి, దాంతో లోపం ఎవరి దృష్టికీ రాదు. వెనక సంగీతం లేని క్లోజప్ ఒకటి చూసుకుని చెవి పెట్టండి, తేలిపోతుంది. ఇంటర్వెల్ దాకా ఆగకుండా మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఊరికే “సౌండ్ బాలేదు” అనకుండా “ఫేడర్ ఎంత మీద ఉంది? సెంటర్ పలుకుతోందా?” అని అడగండి. ఆ ప్రశ్నకు కదలిక ఉంటుంది. సీటు విషయానికొస్తే, తెర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, వరస మధ్యలో తీసుకోండి. చివరి వరసలో సరౌండ్ స్పీకర్ నెత్తి మీదే ఉండి మాటను మింగేస్తుంది.

మొదటి రోజు మొదటి ఆటకు మాత్రం ఈ పరీక్షలేవీ పనిచేయవు. ఆ ఈలల్లో ఏ స్పీకరైనా ఒకటే.

ప్రశ్న: ఫొటోగ్రఫీ అద్భుతమని అందరూ పొగిడిన సినిమా మా కొత్త టీవీలో చూస్తే డైలీ సీరియల్‌లా ఉంది. అంత గొప్పేముంది అందులో?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేములతో. మీ టీవీ వాటి మధ్య తనే కొన్ని ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేస్తోంది. ఆ నునుపే సీరియల్ కళ. ఎవరైనా చెయ్యి వేగంగా ఊపినప్పుడు వేళ్ల అంచుల దగ్గర చెదిరినట్టు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. పిక్చర్ సెట్టింగ్స్‌లో సోనీ అయితే మోషన్‌ఫ్లో, ఎల్‌జీ అయితే ట్రూమోషన్, శాంసంగ్ అయితే ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ అనే పేరుతో ఉంటుంది, ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదొక్కటి ఎంచుకుంటే చాలు. రాత్రి సీన్లు నల్లగా ముద్దైపోతుంటే కరెంటు ఆదా చేసే మోడ్ కూడా తీసేయండి. ఇవన్నీ చేశాక కూడా నచ్చకపోతే, అప్పుడు కెమెరామన్‌ను నిరభ్యంతరంగా తిట్టుకోవచ్చు.

ప్రశ్న: పిల్లలకు ‘మాయాబజార్’ రంగుల్లో చూపించాం. కొన్ని పద్యాలు లేవని, బొమ్మ కూడా పైనా కిందా తెగిందని మా అమ్మ అంటోంది. మాకేమీ తేడా తెలియలేదు.
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: అమ్మగారి మాటే నిజం. 1957 నాటి అసలు బొమ్మ దాదాపు చదరంగా, 1.37:1 కొలతలో (ఎత్తు 1 అయితే వెడల్పు 1.37) ఉండేది. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు 2.35:1 వెడల్పుకు మార్చారు. పాత ఫ్రేము వెడల్పు మొత్తం ఉంచి ఆ కొలతకు తేవాలంటే ఎత్తులో 40 శాతానికి పైగా పోవాల్సిందే. కొన్ని పాటలు, పద్యాలు ప్రింటు పాడైనందువల్ల వదిలేశారు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే ‘లాహిరి లాహిరి’ పాటకి కట్టిన వెన్నెల నలుపు తెలుపుల కోసం కట్టిందే. రంగులద్దితే ఆ వెన్నెల సగం ఆరిపోయిందని మా అభిప్రాయం. పిల్లలకు నలుపు తెలుపుది కూడా చూపించండి, ఘటోత్కచుడి భోజనం దగ్గర రంగు లేదన్న సంగతే మరిచిపోతారు.

రీరిలీజులకు వెళ్లేవారికి ఒక గుర్తు: తెలుగులో తొలి సినిమాస్కోప్ (వెడల్పు తెర) బొమ్మ 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’. అంతకు ముందువి తెర నిండా పరుచుకుని కనిపిస్తే ఎక్కడో కత్తెర పడిందనే అర్థం. పక్కల నల్లపట్టీలుంటేనే మేలు.

ప్రశ్న: సినిమా చూసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నాలుగు ముక్కలు రాస్తే “కథంతా చెప్పేశావ్ బాబాయ్” అంటున్నారు. ఎంతవరకు రాయొచ్చు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ట్రైలర్లో ఉన్నదంతా రాయొచ్చు. మొదటి అరగంట పర్వాలేదు. ఇంటర్వెల్ ముందు మలుపు, అతిథి పాత్రలో ఎవరు వచ్చారన్నది, టైటిల్స్ అయ్యాక వచ్చే చివరి ముక్క, ఈ మూడూ వద్దు. “సెకండాఫ్‌లో ట్విస్టు ఉంది” అన్నా చెప్పేసినట్టే, చూసేవాడు దానికోసమే కాచుకుని కూర్చుంటాడు. ఏ హాల్లో, ఏ వరసలో కూర్చుని చూశారో మాత్రం తప్పకుండా రాయండి, తెనాలి వారి ప్రశ్న చదివారుగా.