అంచులో కణాలున్నాయట.. నాన్నకు మళ్లీ ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నకు 58 ఏళ్లు, కొబ్బరి తోట చూసుకుంటారు. నాలుగు నెలల కిందట విరేచనం తారులా నల్లగా అయ్యేది. రక్తం 7 గ్రాములకు పడిపోయింది. జీర్ణాశయంలో గడ్డ ఉందని విశాఖలో ఆపరేషన్ చేశారు. బయాప్సీ రిపోర్టులో ‘జిస్ట్, 6 సెం.మీ., మైటోసిస్ 5 చదరపు మిల్లీమీటర్లకు 3, ఒకచోట అంచుకు కణాలు తగిలాయి’ అని ఉంది. కత్తి పడింది కాబట్టి ఇక పాకుతుందని బంధువులు అంటున్నారు. మళ్లీ కోయించాలా?

జవాబు: తొందరపడి కోయించకండి. మీకు టెన్షన్ పెట్టింది రిపోర్టులోని చివరి మాట. నేను మాత్రం ముందు మైటోసిస్ ఎంతో చూసుకున్నాను. కణాలు ఎంత జోరుగా విడిపోతున్నాయో చెప్పే లెక్క అది. 3 అంటే తక్కువే.

జిస్ట్ (గ్యాస్ట్రోఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్), మనం మామూలుగా చెప్పుకునే జీర్ణాశయం క్యాన్సర్ ఒకటి కాదు. ఆ మామూలు క్యాన్సర్ లోపలి పొరలో పుట్టి వేళ్లలా పక్కలకు చొరబడుతుంది. అందుకే చుట్టూ సెంటీమీటర్ల కొద్దీ మంచి భాగాన్ని కూడా తీసేస్తారు. జిస్ట్ గోడలోని కండరంలో పుడుతుంది, ఎక్కువగా ఒకే ముద్దలా పెరుగుతూ పక్కవాటిని నెడుతుంది. లింఫ్ గ్రంథులకు పాకడం అరుదు. గడ్డ చిట్లకుండా, కాస్త మంచి అంచుతో బయటికొస్తే చాలు.

ఇక అంచు సంగతి. తీసిన ముక్క ల్యాబ్‌కు చేరాక పాథాలజిస్ట్ దాని అంచులకు రంగు సిరా పూస్తారు. పొరలుగా కోసి మైక్రోస్కోప్‌లో చూసినప్పుడు సిరా మీదే కణం కనిపిస్తే ‘అంచుకు తగిలింది’ అని, లేదా ఆర్1 అని రాస్తారు. ఇక్కడో తిరకాసు ఉంది. జీర్ణాశయం గోడ కోయగానే ముడుచుకుపోతుంది. స్టేప్లర్‌తో కోసి ఉంటే ఆ పిన్నుల వరుసను ల్యాబ్‌లో కత్తిరించి తీసేస్తారు, దాంతో పాటు అసలు అంచులో కొంత పోతుంది. గడ్డ జీర్ణాశయం గోడ దాటి పొట్ట ఖాళీలోకి ఉబ్బిన బయటివైపున కణాలు కనిపిస్తే, అది సర్జన్ కోసిన చోటే కాదు. కాబట్టి ముందు అడగాల్సింది: తగిలింది ఏ వైపు అంచుకు?

నిజంగానే కోసిన అంచుకు తగిలిందనుకుందాం. అమెరికాలో 819 మంది జిస్ట్ రోగులను గమనించి 2012లో వెలువరించిన విశ్లేషణలో 72 మందికి ఇలాగే ఆర్1 వచ్చింది. అంచు శుభ్రంగా ఉన్నవారితో పోలిస్తే వీరిలో గడ్డ తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందుకే ఈ ఒక్క కారణంతో మళ్లీ పొట్ట తెరవమని నేను చెప్పను.

మీ బంధువుల మాటలో ఒక మూలన నిజం లేకపోలేదు. కత్తి పడినంత మాత్రాన పాకదు కానీ, ఆపరేషన్‌కు ముందో, తీస్తుండగానో గడ్డ పగిలితే కణాలు పొట్టంతా చిందుతాయి. తర్వాత పొట్టలోని పొరల మీదో, కాలేయంలోనో మళ్లీ లేచే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఈ విషయం బయాప్సీ కాగితంలో ఉండకపోవచ్చు. ఆపరేషన్ నోట్స్ అడిగి తీసుకోండి. గడ్డ పగిలినట్టు ఉంటే నేను పైన చెప్పిన ధైర్యమంతా పక్కన పెట్టి, వెంటనే ఆంకాలజిస్ట్‌ను కలవాలి.

పగలలేదనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. జీర్ణాశయంలో 5 నుంచి 10 సెం.మీ. గడ్డ, మైటోసిస్ 5 లోపు ఉన్నవారిలో మందు లేకపోయినా వ్యాధి ముదిరింది నూటికి నలుగురి లోపే. అదే సైజు గడ్డ చిన్నపేగులో ఉంటే నూటికి 24. జీర్ణాశయంలోనే ఉన్నా మైటోసిస్ 5 దాటితే నూటికి 55. చోటు మారితే జాతకమే మారిపోతుంది.

జిస్ట్ తిరగబెట్టకుండా వాడే ఇమాటినిబ్ మాత్ర రోజుకు 400 మిల్లీగ్రాములు, 3 ఏళ్లపాటు ఇచ్చేది ఎక్కువ ప్రమాదం ఉన్నవారికి. మీ నాన్నగారికి బహుశా అవసరం పడదు. మీ డాక్టర్ ఇద్దామనుకుంటే మాత్రం ముందు జన్యుమార్పు పరీక్ష చేయించమనండి. పీడీజీఎఫ్ఆర్ఏ జన్యువులో డీ842వీ అనే మార్పు ఉంటే ఈ మాత్ర పని చేయదు, ఖర్చు దండగ. వాడాల్సి వస్తే తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. గ్రేప్‌ఫ్రూట్, దాని చుట్టమైన పంపర పనస మానేయాలి.

తక్కువ ప్రమాదం ఉన్నవారికి 6 నుంచి 12 నెలలకోసారి, 5 ఏళ్లపాటు సీటీ తీయిస్తుంటాం. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతున్నా: ప్రతి సీటీకి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి, కిడ్నీ జబ్బు ఉందేమో స్కాన్ తీసేవారికి ముందే చెప్పండి. అవసరమైతే ఎంఆర్ఐ తీస్తారు. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొని మింగడం అసలొద్దు.

రెండో అభిప్రాయం కావాలంటే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్లకండి. ల్యాబ్ నుంచి స్లైడ్లు, గడ్డ ముక్కలు దాచిన మైనపు బ్లాకులు అడిగి తీసుకోండి. బ్లాకులను ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, కరిగిపోతాయి.