గొంతు ఆగిపోయిన చోటు నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మూడు వారాల్లో పీహెచ్‌డీ వైవా ఉంది. రెండేళ్ల కిందట ఒక సెమినార్‌లో మాట్లాడుతూ మధ్యలో గొంతు పెగలక ఆగిపోయాను. అప్పటి నుంచి నలుగురి ముందు నిలబడాలంటే టెన్షన్. ‘అందరూ చప్పట్లు కొడుతున్నట్టు ఊహించుకో, ధైర్యం వస్తుంది’ అంది అక్క. రోజూ ప్రయత్నిస్తున్నాను. కళ్లు మూసుకోగానే ఆ సెమినారే గుర్తొస్తోంది. ఈ పద్ధతి నాకు పనికిరాదా?

జవాబు: పనికొస్తుంది. మీకు తెలియకుండానే మీరు రోజూ ఈ సాధన చేస్తున్నారు కూడా. ఆ సెమినార్ కళ్ల ముందు తిరగడం కూడా రిహార్సలే. కాకపోతే అది ప్రతిసారీ గొంతు ఆగిన చోటే ఆగిపోతోంది. ఆ తర్వాత ఏమైందో మీరు నాకు కూడా రాయలేదు. నీళ్లు తాగారా? మళ్లీ మొదలుపెట్టారా? ఎలాగో ఒకలా ఆ గదిలోంచి బయటికి వచ్చారు కదా!

అక్క ప్రేమతో చెప్పిన మాటే అది. కానీ చప్పట్లు మీ చేతిలో లేవు. 1999లో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే పరిశోధకులు పరీక్షకు ముందు విద్యార్థుల మీద ఇదే పరీక్షించి చూశారు. కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్లు ఎక్కువసేపు చదివి, మెరుగైన మార్కులు తెచ్చుకున్నారు. మంచి మార్కులు వచ్చినట్టు మాత్రమే ఊహించుకోవడం అంతగా ఉపయోగపడలేదు.

అందుకని మీరు ఫలితాన్ని కాదు, అక్కడికి చేరే దారినే ఊహించుకోండి. పడుకుని వద్దు, నిద్ర పట్టేస్తుంది. కుర్చీలో కూర్చోండి. తలుపు తోసుకుని లోపలికి వెళ్లడం దగ్గర మొదలుపెట్టండి. మిమ్మల్ని మీరు దూరం నుంచి చూసుకోవద్దు, మీ కళ్లతోనే గదిని చూడండి. అరచేతుల్లో చెమట ఉంటే ఉండనివ్వండి, గుండె దడదడలాడితే ఆడనివ్వండి. మొదటి నాలుగు వాక్యాలు పైకే చెప్పండి, ఆ రోజు ఎంత నిదానంగా చెప్పాలో అంత నిదానంగా. ఇప్పుడు గొంతు ఆగనివ్వండి, కావాలనే. ఊపిరి వదలండి, గ్లాసు అందుకోండి, ‘ఒక్క నిమిషం, ఈ పాయింట్ మళ్లీ చెబుతాను’ అనండి. తర్వాతి స్లైడ్‌కు వెళ్లండి. తెలియని ప్రశ్న ఎదురైనట్టు కూడా ఊహించుకుని, ‘ఆ కోణంలో నేను చూడలేదు, నాకు తోచినది ఇది’ అని చెప్పడం అలవాటు చేసుకోండి. రోజుకు పది నిమిషాలు చాలు.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈత పోటీలో ఈదుతుండగా అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్‌లోకి నీళ్లు చేరాయి. చివరికి గోడ కూడా కనబడలేదు. ఎన్నిసార్లు చేతులు వేశాడో లెక్కపెట్టుకుంటూ ఈది, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. ఏదైనా తేడా వస్తే ఏం చేయాలో ముందే మనసులో ఈది చూసుకోవడం కోచ్ బాబ్ బౌమన్ ఆయనకు నేర్పిన అలవాటు. మీకూ కావలసింది అదే: ఆగినా మళ్లీ మొదలుపెట్టగలనన్న నమ్మకం.

కొంతమందికి కళ్లు మూసుకుంటే బొమ్మలు కనబడవు. మీకూ అంతే అయితే దిగులు పడొద్దు, జరగబోయేది మాటల్లో చెప్పుకుంటూ వెళ్లండి. అయితే ఊహ ఒక్కటే సరిపోదు. వారానికి రెండుసార్లయినా అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని నిజంగా చెప్పండి, మధ్యలో అడ్డుపడి ప్రశ్నలు వేయమనండి. వీలైతే వైవా జరిగే గదిలో ఒకసారి నిలబడి రండి. ఇంత చేసినా నిద్ర పట్టకపోయినా, వైవా మానేద్దామన్న ఆలోచనే పదేపదే వస్తున్నా ఆలస్యం చేయకుండా సైకాలజిస్టును నేరుగా కలవండి. ఇలాంటి భయాలకు మంచి చికిత్స ఉంది.

ఈ రాత్రి సాధన మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. రెండేళ్ల కిందట గొంతు ఆగిపోయిన క్షణం నుంచి ఆ రోజు ఇంటికి చేరేదాకా ఏం జరిగిందో గుర్తున్నంత వరకు కాగితం మీద రాయండి. నాకూ పంపండి, చదువుతాను.