78 డిగ్రీల దగ్గరే మరుగుతోందంటే మీ స్లడ్జ్ పొడిలో తడి ఉంది

మురుగునీటి స్లడ్జ్ (బురద) పొడి నుంచి పీహెచ్‌ఏ, అంటే బ్యాక్టీరియా తయారుచేసే ప్లాస్టిక్‌ను, డైమిథైల్ కార్బొనేట్ అనే ద్రావకంతో తీస్తుంటే, ద్రావకం 78 డిగ్రీల దగ్గరే మరుగుతోందని, ప్లాస్టిక్ తక్కువే వస్తోందని మీరు రాశారు. డైమిథైల్ కార్బొనేట్ 90 డిగ్రీల దగ్గర మరగాలి. మీకు 78 దగ్గరే మరిగిందంటే అందులో నీళ్లు కలిశాయి. జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) పరీక్షలో 45 శాతం చూపిన పీహెచ్‌ఏలో మూడో వంతే చేతికి రావడానికి ఒక కారణం అదే. రెండోది, ఫిల్టర్ మీద జిగురులా మిగిలిందని రాశారే, అది చెత్త కాదు, మీ ప్లాస్టిక్కే. చల్లారగానే గడ్డకట్టింది.

1. పొడిని 60 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టండి. పైకి పొడిగా కనబడితే చాలదు. గంట తేడాతో రెండుసార్లు తూచినా బరువు మారకూడదు. తర్వాత మెత్తగా నూరండి. చాలామంది వదిలేసేది ఈ తూకమే.

2. గ్రాము పొడికి 20 మి.లీ. ద్రావకం. రిఫ్లక్స్‌లో, అంటే ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే జారేలా మరిగిస్తూ, కలుపుతూ గంట. ఇంకా పొడిగిస్తే ప్లాస్టిక్ అణుభారం పడిపోతుంది, దానితో చేసే ఫిల్మ్ పెళుసవుతుంది.

3. వేడిగా ఉండగానే వడకట్టండి. గరాటు, గ్లాస్ ఫైబర్ ఫిల్టర్ రెండూ ముందే 80 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి. మిగిలిన పిప్పిని 5 మి.లీ. వేడి ద్రావకంతో కడిగి అదే ఫ్లాస్కులో కలపండి. వాక్యూమ్ గట్టిగా లాగితే ద్రావకం ఆవిరై అక్కడే చల్లబడుతుంది, మళ్లీ జిగురే.

4. వడకట్టినదానికి మూడింతలు చల్లటి ఇథనాల్ పోస్తే, పాలు విరిగినట్టు ప్లాస్టిక్ తెల్లగా విడిపోతుంది. గోధుమ రంగు వస్తే, ఈసారి పొడిని ముందే ఇథనాల్‌తో కడగండి.

ఈ ద్రావకం విషం తక్కువదే గానీ గది వేడికే అంటుకునే ఆవిరి ఇస్తుంది. మంట వద్దు, ఆయిల్ బాత్ వాడండి, ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే గూడులో) చేయండి.