హైదరాబాద్‌లో బాగా పనిచేసిన కూలర్ విశాఖలో ఎందుకు చల్లబరచడం లేదు?
తప్పు కూలర్‌ది కాదు, గాలిది. తడి గడ్డిలోని నీరు ఆవిరవుతూ, గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. మే నెలలో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు ఇట్టే ఆవిరవుతుంది. విశాఖ సముద్రపు గాలిలో అప్పటికే తేమ ఎక్కువ. నీరు సరిగా ఆవిరి కాదు, ఒళ్లు జిగటగా మారి ఉక్కపోత ఇంకా పెరుగుతుంది.

ఎక్కడున్నా తలుపులన్నీ మూసి మాత్రం కూలర్ వేయకండి, దయచేసి. దాని వెనక భాగం కిటికీ బయటికి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి. లేదంటే తేమ గదిలోనే నిలిచి గోడలకు బూజు పడుతుంది.

విశాఖలో ఏసీనే నయం. 26 డిగ్రీల దగ్గర పెట్టి, ఫ్యాన్ కూడా వేయండి. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. పొద్దున్నే కాసేపు కిటికీలు తెరవండి.