గ్రహాంతరవాసులకీ దేవుడు ఉంటాడా?

ప్రశ్న: పోయిన ఆదివారం మా అబ్బాయిని కొట్టూర్‌పురంలోని బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లాం. అప్పట్నుంచి వాడిది ఒకటే ప్రశ్న, వేరే గ్రహాల మీద తెలివైనవాళ్లుంటే వాళ్లకీ గుళ్లుంటాయా అని. స్వామి అనంతకోటి బ్రహ్మాండ నాయకుడు కదా, అక్కడివాళ్లకీ ఆయనే దిక్కు అంటారు మా అత్తగారు. అంత సైన్సు తెలిసినవాళ్లకి దేవుడితో పనేంటి అంటారు మావారు. వాడికి నేనేం చెప్పాలండీ?
- ఒక పాఠకురాలు, వేలచ్చేరి, చెన్నై

జవాబు: అమ్మా, సైన్సు పెరిగితే భక్తి పోతుందన్న మాట మీ ఊళ్లోనే నిలబడదు. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేసిన రామానుజన్ తన లెక్కలన్నీ తమ ఇంటి దేవత నామగిరి తాయారు చలవేనని నమ్మాడు. అదే మద్రాసులో, ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, నక్షత్రాలు చివరికి ఏమవుతాయో లెక్కగట్టి 1983లో నోబెల్ అందుకున్న చంద్రశేఖర్ తాను నాస్తికుణ్ణని చెప్పుకున్నాడు. ఇద్దరి తెలివికీ వంక పెట్టగలమా? కాబట్టి అక్కడివాళ్లు ఎంత తెలివైనవాళ్లన్నది వదిలేసి, ఎలా బతుకుతారన్నది చూడాలి.

నా మటుకు నాకు, మతం మొదలైంది మనవాళ్లు చనిపోయినప్పుడు పడే బాధలోంచే అనిపిస్తుంది. ఇజ్రాయెల్‌లోని కఫ్జే గుహలో 90 వేల ఏళ్లకి పైబడిన సమాధులు దొరికాయి, అందులో ఒక పిల్లవాడి చేతుల దగ్గర దుప్పి కొమ్ములు పెట్టి ఉన్నాయి. అప్పటికి గుడీ లేదు, గ్రంథమూ లేదు, అయినా పోయినవాణ్ణి ఊరికే వదిలెయ్యడానికి ఎవరికో మనసొప్పలేదు.

ఇప్పుడు ఆక్టోపస్‌ని తీసుకోండి. సీసా మూత తిప్పి లోపలి తిండి తీసుకోగల జీవి అది. కానీ తల్లి తిండి మానేసి గుడ్లను కాపలా కాస్తుంది, పిల్లలు బయటికొచ్చే వేళకి దాని ప్రాణం పోతుంది, ఏ పిల్లకీ తల్లి తెలీదు. అలాంటి జాతి ఎక్కడో పెద్ద నాగరికతే కట్టిందనుకోండి, వాళ్లకి తద్దినాలుండవు, పితృదేవతలుండరు, దేవుణ్ణి తండ్రీ అని పిలవాలన్న ఊహే పుట్టదు. నాకు ఇది చాలా ముఖ్యమైన తేడా అనిపిస్తుంది.

ఆకాశం మారినా ఆచారాలు మారతాయి. మనకి 40 కాంతి సంవత్సరాల దూరంలో ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం చుట్టూ 7 గ్రహాలున్నాయని 2017లో ప్రకటించారు. అవి దానికి ఎంత దగ్గరంటే, బహుశా ఎప్పుడూ ఒక వైపే నక్షత్రానికి తిరిగి ఉంటాయి. సూర్యోదయమే లేని చోట సంధ్యావందనం ఎక్కడిది? చందమామ లేకపోతే ఏకాదశీ లేదు, రంజాన్ నెలవంకా లేదు. అయితే ఆచారం చిక్కులో పడినంత మాత్రాన నమ్మకం పోదు. 2007లో మలేషియా వ్యోమగామి అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు, అక్కడ రోజుకి 16 సార్లు పొద్దు పొడుస్తుంది కనుక, నమాజు వేళలకి బయల్దేరిన చోటి టైమే లెక్కని మతపెద్దలు రాసిచ్చారు.

మీ అత్తగారి మాటలో బ్రహ్మాండాలు చాలా ఉన్నాయన్న ఒప్పుకోలు ఉంది, అది గొప్ప సంగతే. కానీ అక్కడివాళ్లకి దేవుడన్న ఊహే లేదని రేపు తేలినా ఆవిడ పూజకి వచ్చే లోటేం లేదు. మన దగ్గర జైనులు సృష్టికర్త లేడంటూనే గుళ్లు కట్టుకున్నారు కదా.

బాబుతో ఇలా చెప్పండి: వాళ్లు మనలా పిల్లల్ని పెంచుకునేవాళ్లయితే, పోయినవాళ్లని తలుచుకునే చోటు ఒకటి కట్టుకునే ఉంటారు, దానికి గోపురం ఉంటుందో లేదో చెప్పలేం. వాళ్ల నాన్న, నానమ్మ చెరోమాట అన్నా టెన్షన్ పడకండి, వాడి ఎదుటే వాదించుకోనివ్వండి.